ఒక సహోదరి రాసిన చీటీ

పాప నిద్రపోయాక రాస్తున్నాను. పగలు కూర్చుంటే ఏదో ఒక పని పిలుస్తుంది. పిలవకపోతే నేనే ఏదో ఒకటి వెతుక్కుంటాను.

నాకు టీబీ వచ్చి తగ్గింది. మందులు ఆపి ఏడాది దాటింది. అప్పట్లో ఆ మాట మా ఇంట్లో ఎవరం పైకి అనేవాళ్లం కాదు. "దగ్గు" అనేవాళ్లం. ఇంటి ఓనరమ్మకు "బాలింత నీరసం" అని చెప్పాం. ఇప్పటికీ పాప రెండుసార్లు దగ్గితే లేచి కూర్చుంటాను, మూడో దగ్గు కోసం చెవులు రిక్కించి. రాకపోతే ఎందుకు రాలేదా అని ఇంకాసేపు కూర్చుంటాను.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా ఆ మందులు నడుస్తుంటే నేను చేసిన రెండు తప్పులు చెప్పాలి. ఒకటి మాత్రల విషయంలో చేసింది. రెండోది మా అత్తయ్య విషయంలో. ఒకదానితో ఇంకొకటి ముడిపడి ఉందని నాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

ఈస్టరుకు ముందు

మాది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేదాన్ని. ప్రభాకర్ పక్క బిల్డింగులో కొరియర్ ఆఫీసులో పనిచేసేవాడు. ఇద్దరం క్రైస్తవులమే కాబట్టి పెళ్లికి పెద్దగా అడ్డు రాలేదు. అమ్మ మాత్రం, "తెలంగాణావాళ్ల మాట మనకి అర్థమవుతుందంటావా?" అంది. పెళ్లయ్యాక మన్సూరాబాద్‌లో అత్తయ్యతో కలిసి ఉన్నాం.

అత్తయ్య పేరు సువార్తమ్మ. నల్గొండ దగ్గర పల్లె. మామయ్య పోయాక ఒక బడిలో ఆయాగా చేసి కొడుకును చదివించింది. నేను కాపురానికి వచ్చేసరికి ఆ పని మానేసి ఇంట్లోనే ఉంటోంది. శనివారం ఒక్కటే ఆమె ఇంట్లో ఉండేది కాదు.

శనివారం మధ్యాహ్నం అన్నం తినగానే ఒక స్టీలు టిఫిన్ డబ్బా తీసుకుని బయలుదేరేది. అందులో అన్నం ఉండదు. రెండు నెయిల్ కట్టర్లు, ఒక చిన్న కత్తెర, బ్లేళ్ల ప్యాకెట్టు, కొబ్బరి నూనె సీసా, ఉతికి మడతపెట్టిన పాత చీర ముక్కలు. ఎల్బీ నగర్ చౌరస్తా నుంచి దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దాకా షాపుల మెట్ల మీద, బస్‌స్టాపుల వెనక, పండ్ల బండ్ల పక్కన పడుకునే వాళ్ల దగ్గర కూర్చునేది. వాళ్ల చెయ్యి ఒళ్లో పెట్టుకుని గోళ్లు తీసేది. తర్వాత కాళ్లవి. వేలికి నూనె రాసేది. ఇంటికొచ్చి కట్టర్లు ఒక చిన్న గిన్నెలో మరిగించేది. ఆ గిన్నె మా స్టవ్ మీద పెట్టడం నాకు మొదటి రోజు నుంచీ నచ్చలేదు.

గోళ్లే ఎందుకని ఒకసారి అడిగాను. ఆమెకు ఒక తమ్ముడు ఉండేవాడట. మతి చెడి ఇల్లు విడిచి పోయాడు. నాలుగేళ్ల తర్వాత ఈ రోడ్డు మీదే దొరికాడు.

"అన్నం ఎవరో ఒకరు పెట్టిన్రు బిడ్డా, లేకుంటే నాలుగేండ్లు ఎట్ల బతికిండు? గోర్లు మాత్రం ఎవ్వరూ తియ్యలే. వంకర తిరిగి మాంసంలకు దిగినయ్. దవాఖానల నేనే తీసిన. ఐదో దినం పోయిండు." చీర ముక్క మడతపెడుతూ అంది. "అన్నం పెట్టేటోళ్లను ప్రభువు చూపిస్తనే ఉన్నడు. మిగిలిన పని చూసుకొమ్మని నాకు చెప్పిండు."

పాపకు ఐదో నెల వచ్చేసరికి నాకు దగ్గు మొదలై ఆరు వారాలైంది. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది. తెల్లారేసరికి దిండు తడిసి ఉండేది. బాలింత ఒళ్లు అలాగే ఉంటుందని అమ్మ ఫోన్లో అనేది. అత్తయ్య ఒక రోజు నా జాకెట్టు భుజం మీద వేలాడటం చూసి, "గిది బాలింత నీరసం కాదు. లే, దవాఖానకు పోదాం," అని పాపను చంకనేసుకుని ముందు నడిచింది.

టీబీ అని తేలాక డాక్టరు ఇంట్లో అందరికీ పరీక్షలు చేయించమన్నాడు. అత్తయ్యకు ఏమీ లేదు. ప్రభాకర్‌కు లేదు. పాపకు రాకుండా ఆరు నెలలపాటు రోజూ ఒక మాత్ర పొడి చేసి పట్టమన్నారు. "పాలు మానక్కర్లేదమ్మా, ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని ఇవ్వు," అన్నాడు డాక్టరు. నాకు ధైర్యం చాలలేదు. ఆ రోజే మానేశాను. పాప అత్తయ్య గదిలోకి వెళ్లిపోయింది. గోడ అవతల అది ఏడిస్తే ఇవతల నా జాకెట్టు తడిసేది. దానికంటే నరకం ఏదీ నేను చూడలేదు.

నాకు ఎక్కణ్నుంచి వచ్చిందని డాక్టరును మూడుసార్లు అడిగాను. మూడోసారి ఆయన పెన్ను కింద పెట్టి, "కిక్కిరిసిన క్లాసుల్లో పాఠం చెప్పావు, సిటీ బస్సుల్లో తిరిగావు. ఎవరిని పట్టుకుంటావమ్మా?" అన్నాడు.

నేను మాత్రం పట్టుకున్నాను. ఇంటికొచ్చి ప్రభాకర్‌తో గొంతు తగ్గించి అన్నాను. "శనివారం శనివారం ఎవరెవరి చేతులు పట్టుకుని ఇంటికి వస్తున్నారో ఆవిడకి తెలుసా? అవే చేతులతో పాపని ఎత్తుకుంటున్నారు."

"అమ్మ రిపోర్టు సాఫ్ వచ్చింది గదా."

"ఆవిడకి రాకపోతే ఏం, ఆవిడ తెచ్చి ఉండచ్చుగా?"

"డాక్టర్ నువ్వా, ఆయనా?" అని ప్రభాకర్ చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఆ రోజుల్లో అతనికి బయట పని ఎక్కువగా ఉండేది. తెలంగాణ ఉద్యమం మళ్లీ లేచింది. కాలనీలో రోజూ మీటింగులు, ర్యాలీలు. గుంటూరు నుంచి అమ్మ ఫోన్ చేసి, "ఆ బందులూ గొడవలూ మధ్య ఒంట్లో బాగోలేని దానివి ఏం చేస్తావే, పిల్లని తీసుకుని వచ్చెయ్యి," అనేది. "మీ అమ్మను టీవీ జర తక్కువ చూడమను," అనేవాడు ప్రభాకర్. నా దగ్గు, వాళ్ల తెలంగాణ, మా అమ్మ భయం అన్నీ ఒకే ఫోన్లో కొట్టుకునేవి.

అత్తయ్య ముఖాన ఆ మాట అనే ధైర్యం నాకు లేదు. అందుకని చీటీ రాశాను.

మా చర్చిలో తలుపు పక్కన ఒక చెక్కపెట్టె ఉంటుంది. ప్రార్థన కావలసినవాళ్లు కాగితం మీద రాసి అందులో వేస్తారు. మా గుంటూరు చర్చిలోనూ ఉండేది. అక్కడ పాస్టరుగారు ఒక్కరే పెట్టె తెరిచేవారు, ఒక్కరే చదువుకునేవారు. ఇక్కడా అంతే అనుకున్నాను. ఆదివారం ఆఖరి వరసలో కిటికీ పక్కన కూర్చుని ఇలా రాశాను:

"మా ఇంట్లో పెద్దావిడ రోడ్డు మీది జనం దగ్గరికి వెళ్లి ఇంటికి రోగం తెస్తున్నారు. ఇంట్లో పసిబిడ్డ ఉంది. ఆవిడ అక్కడికి వెళ్లకుండా మనసు మారేలా ప్రార్థన చేయండి. ఇట్లు, ఒక సహోదరి."

తర్వాతి శనివారం అత్తయ్య డబ్బా తీయలేదు. అన్నం తిని, పాపను కాళ్ల మీద వేసుకుని ఊపుతూ కూర్చుంది.

"ఈ వారం వెళ్లట్లేదా అత్తయ్యా?"

"ఎండ కొడుతుంది బిడ్డా."

శివరాత్రి చలి కూడా పూర్తిగా పోలేదు అప్పటికి. ఆ తర్వాతి శనివారమూ వెళ్లలేదు. మూడో శనివారం డబ్బాను కడిగి, తుడిచి, అటక మీద పెట్టేసింది. ప్రార్థనకు ఇంత తొందరగా జవాబు రావడం నా బతుకులో అదే మొదటిసారి. ఆ ఆదివారం ఇంకో చీటీ వేశాను. "మా ప్రార్థన ఆలకించిన దేవునికి స్తోత్రం. ఇట్లు, ఒక సహోదరి." స్తుతి చీటీలను ఆరాధనలో పైకి చదువుతారు. నాది చదవగానే సంఘమంతా "ఆమేన్" అంది. నా పక్కన కూర్చున్న అత్తయ్య అందరికంటే గట్టిగా అంది.

ఎండాకాలం

మందుల రోజులు ఎలా ఉంటాయో ఎవరూ ముందుగా చెప్పరు. మొదటి నెలల్లో రోజు విడిచి రోజు ఎల్బీ నగర్ దగ్గరి సర్కారు దవాఖానకు వెళ్లి, సిస్టరమ్మ ఎదురుగా మాత్రలన్నీ మింగాలి. పెద్ద పెద్ద మాత్రలు, ఎర్ర గొట్టం మాత్ర ఒకటి. ఒంటేలు నారింజ రంగులో వస్తే భయపడద్దు. కీళ్లు నొప్పిపెడతాయి. కడుపు తిప్పుతుంది. వరండాలో పొడుగు బల్ల మీద అందరం ముక్కులకు గుడ్డలు కట్టుకుని, కళ్లు మాత్రం కనపడేలా కూర్చునేవాళ్లం. ఎవరి కళ్లలోకీ ఎవరూ చూసేవాళ్లం కాదు. ఒక ఆటో డ్రైవరు ప్రతిసారీ నా కోసం గాలి వచ్చే చోట బల్ల చివర వదిలేసి తాను స్తంభానికి ఆనుకుని నిలబడేవాడు. అతని పేరు చివరిదాకా అడగలేదు. సిస్టరమ్మ నోరు తెరిపించి నాలుక కింద కూడా చూసేది. "చదువుకున్నోళ్లే నాకు ఎక్కువ టోకరా ఇస్తరమ్మా," అని నవ్వేది. ఆ మాట నా గురించే అవుతుందని అప్పుడు నాకు తెలియదు.

ఆ నెలల్లో అత్తయ్య నా కంచం వేరు చేయలేదు. నేనే వేరు చేసుకున్నాను. ఆమె దాన్ని తీసి అన్ని కంచాలతో కలిపి కడిగేది. నేను మళ్లీ తీసి పక్కన పెట్టేదాన్ని. దీని గురించి ఇద్దరం ఒక్క మాటా అనుకోలేదు, కంచం మాత్రం రోజూ ఇటూ అటూ తిరిగేది.

ఒక మధ్యాహ్నం వాంతి చేసుకుని మంచం మీద పడి ఉన్నాను. వేళ్లు వాచి మొద్దుబారాయి. అత్తయ్య వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. నా చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. నాకు గోళ్లు పెరిగిన సంగతే తెలియదు. చిటికెన వేలితో మొదలుపెట్టింది. బొటనవేలు ఆఖరున. ప్రతి వేలూ అయ్యాక నూనె రాసి ఒక్క క్షణం తన గుప్పిట్లో పట్టుకుని వదిలేది. ఆమె రోడ్డు మీద ఏం చేసేదో నాకు ఆ రోజే తెలిసింది. అలా ఎవరైనా చెయ్యి పట్టుకుని ఎన్నాళ్లయిందా అని లెక్కపెట్టుకుని, ముఖం గోడ వైపు తిప్పుకున్నాను.

అయినా చీటీ సంగతి చెప్పలేదు.

తర్వాతి నెలల్లో మాత్రలు వారానికి సరిపడా ఇంటికే ఇచ్చారు. మొదటి తప్పు ఇక్కడే జరిగింది. దగ్గు పోయింది, జ్వరం పోయింది, ముఖం కాస్త తేటపడింది. మాత్ర వేసుకున్న రోజు మాత్రం సాయంత్రం దాకా మనిషిని కాను. వేసుకోని రోజు పాపతో ఆడుకోవచ్చు. అప్పటికి డాక్టరు పాపను దగ్గరకు తీసుకోవచ్చని చెప్పాడు. అది బోర్లా పడి పాకుతోంది. నా వైపు పాకి వస్తుంటే వాంతికని లేచిపోవడం నా వల్ల కాలేదు. ఒక రోజు మాత్రలు కరివేపాకు కుండీలో పాతిపెట్టాను. తర్వాత ఇంకో రోజు. ఎన్నిసార్లో రాయడానికి సిగ్గుగా ఉంది.

కుండీకి నీళ్లు పోసేది అత్తయ్య అని నాకు తెలుసు. నీళ్లు పోస్తే ఎర్ర గొట్టం కరిగి మట్టి రంగు మారుతుందని మాత్రం తట్టలేదు. లెక్కలు చెప్పే పంతులమ్మను, ఆ చిన్న లెక్క తప్పాను.

ఆమె ఎర్రమట్టి అంటిన వేళ్లతో వంటింటి గుమ్మంలో నిలబడింది. తిట్టలేదు.

"రేపు డాక్టరు కాడికి పోదాం. నువ్వే చెప్పు. నేను చెప్తే నీ మీద నేరం మోపినట్టు ఉంటది."

"మీరు ఆయనతో చెప్పండి అత్తయ్యా, నాకు నోరు రాదు."

"ఒకరి సంగతి ఇంకొకరు చాటుకు చెప్పొద్దు బిడ్డా," అని చేతులు కడుక్కుంది.

చెప్పాను. డాక్టరు ఎన్ని రోజులు మానానో అడిగి రాసుకున్నాడు. మళ్లీ పరీక్షలు చేసి మందులు ఇంకో రెండు నెలలు పొడిగించాడు. మళ్లీ సిస్టరమ్మ ఎదురుగా మింగడం. బయటికొచ్చాక అత్తయ్య వరండా బల్ల మీద కూలబడింది. "ఇంకా రెండు నెలలా," అని తనలో తాను అనుకుంది. నా మీద జాలితో అంటోందనుకున్నాను.

సమ్మె రోజులు

ఆ రెండు నెలల్లోనే తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. బళ్లు మూతపడ్డాయి. దవాఖాన మాత్రం తెరిచి ఉంది. ఒక రోజు బంద్ పిలుపుకి ఆటోలు కూడా లేవు. మళ్లీ ఒక్క పూట మందు తప్పితే ఏమవుతుందోనని నాకు భయం. ప్రభాకర్ పొద్దున్నే చౌరస్తాకు వెళ్లిపోయాడు. పాపను ఓనరమ్మ దగ్గర వదిలి అత్తయ్యా నేనూ నడిచాం. నీడ ఉన్న ప్రతి చోటా ఆమె నన్ను కూర్చోబెట్టింది.

చౌరస్తాలో వంటావార్పు నడుస్తోంది. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గుండిగల్లో అన్నం, పప్పు. డప్పులు. పాటలు. ప్రభాకర్ మెడలో గులాబీ కండువాతో గరిటె తిప్పుతున్నాడు. ఇంట్లో ఏనాడూ టీ కాచని మనిషి.

"చూసినవా నా కొడుకును? తెలంగాణ వస్తె వంట గూడ వస్తదేమో," అంది అత్తయ్య. ఆ రోజు రోడ్డు మీద నేను నవ్వాను. నవ్వితే దగ్గు రాలేదు. అది గమనించి ఇంకోసారి నవ్వాను.

రోడ్డు మీద బతికేవాళ్లకు కూడా ఆకుల్లో వడ్డించి ఇస్తున్నారు. మూసి ఉన్న ఒక బట్టల షాపు మెట్ల మీద ఒక ముసలామె ఆకు ముందు పెట్టుకుని కూర్చుంది. తెల్లటి జుట్టు, మగవాళ్ల చొక్కా. అత్తయ్యను చూడగానే ముద్ద ఆపింది.

"ఓ సువార్తమ్మా! చచ్చినవనుకున్న."

"నీకంటె ముందు ఎట్ల చస్తనే ఎల్లమ్మా?"

"ఎటు పోయినవ్ గిన్ని దినాలు? చూడు గివి." ఎల్లమ్మ రెండు చేతులూ ముందుకు చాచింది. గోళ్లు పసుపచ్చగా పెరిగి కొనలు లోపలికి వంగి ఉన్నాయి. వాటి మధ్య పప్పు ఇరుక్కుని ఉంది. ముద్ద కలపడానికి వేళ్లు సరిగా మడవలేక అరచేత్తో తోసుకుంటోంది. "అన్నం మస్తుగ పెడుతున్రు. తినరాక చస్తున్న."

"వస్త. మా కోడలికి మందులు నడుస్తున్నయ్. గవి అయిపోయినంక వస్త."

ఎల్లమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "గీమెనా? జల్ది మింగవమ్మా తల్లీ, నీ మాత్రలేందో."

దవాఖానలో మాత్రలు మింగి వచ్చాక బల్ల మీద అత్తయ్య పక్కన కూర్చున్నాను. అక్కడ ఎవరూ లేరు. "నా మందులకీ, మీరు వెళ్లడానికీ ఏంటి సంబంధం అత్తయ్యా?" అన్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "శుక్రవారం ఉపవాస కూడికకు నువ్వు ఎన్నడు రాలే గదా, చంటిపిల్ల తల్లివి. నీకు తెల్వదు. పెట్టెల చీటీలు ఆడోళ్లం పంచుకుంటం. కండ్లు మూసుకుని తలా ఒకటి తీస్తం. ఎవరికి ఏది వస్తె దాని కోసం ప్రార్థన చెయ్యాలె. నీది నాకు వచ్చింది."

ముక్కుకు కట్టుకున్న గుడ్డను కళ్ల దాకా లాక్కున్నాను.

"పాలు పోసేటోనికి రోజు చీటీ రాసేది నువ్వే గదా. నీ రాత నాకు తెల్వదా?" అని, కాసేపటికి, "ఒక సహోదరి అంట," అంది. నవ్వు ఆపుకుంటున్నట్టే అనిపించింది.

"మరి నన్ను అడగలేదేంటి? తిట్టలేదేంటి?"

"అడిగితె నువ్వు ఇంకెన్నడన్న పెట్టెల చీటీ వేస్తవా? మనిషికి దేవునితోని చెప్పుకునే జాగ ఒక్కటన్న ఉండాలె బిడ్డా."

"అందుకని వాళ్లని వదిలేశారా?"

"చీటీ చేతికొచ్చినంక ప్రార్థన చెయ్యకుంటె తప్పు. జవాబు నా చేతుల్నే ఉంటె దేవుణ్ని పరేషాన్ చేసుడు ఎందుకు?" తన రెండు చేతులూ ఒకసారి చూసుకుంది. "నీ మందులు అయ్యేదాక పోనని ప్రభువుకు మాట ఇచ్చిన. ఆరు నెలలే గదా అనుకున్న."

ఆరు నెలలు ఎప్పుడో అయిపోయాయి. కుండీలో పాతిన మాత్రలు గుర్తొచ్చాయి. "ఇంకా రెండు నెలలా" అని ఆమె ఎందుకందో గుర్తొచ్చింది. ఆ మెట్ల మీది గోళ్లు ఆ రెండు నెలలూ నా వల్లే పెరిగాయి.

"రేపటి నుంచే వెళ్లండి అత్తయ్యా. ఆ చీటీ నేను వెనక్కి తీసుకుంటున్నా."

"మాట నీకు ఇయ్యలే నేను," అని లేచి నా చెయ్యి పట్టుకుంది. "నడువు. ఒక్క మాత్ర గూడ తప్పకు. గంతే."

తప్పలేదు. అప్పటి నుంచి ఒక్కటి కూడా తప్పలేదు. వాంతి అయితే కూర్చుని, తుడుచుకుని, నీళ్లు తాగేదాన్ని. మందులు నడుస్తున్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఒళ్లు బాగైనట్టు అనిపించినప్పుడే జాగ్రత్తగా ఉండండి. మీ మాత్ర కోసం ఎవరు ఎక్కడ ఎదురుచూస్తున్నారో మీకు తెలియకపోవచ్చు.

చలికాలం

డాక్టరు కాగితం మీద "పూర్తయింది" అని రాసిన వారమే అత్తయ్య అటక మీది డబ్బా దింపింది. మొదటి శనివారం చీకటి పడే దాకా రాలేదు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. వచ్చాక నేనే ఆ గిన్నె స్టవ్ మీద పెట్టి కట్టర్లు మరిగించాను. ఆమె చీర ముక్కలు ఉతకడానికి నానబెట్టింది. ఎల్లమ్మ గోళ్లు ఒక్క పూటలో తెగలేదట. నూనెలో నానబెట్టి రెండు వారాలు తీసిందట. "తిట్టుడు మాత్రం ఒక్క వారం గూడ ఆపలే," అంది.

అలా తొమ్మిది శనివారాలు వెళ్లింది.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక మంగళవారం మధ్యాహ్నం, పాపకు పప్పన్నం తినిపిస్తూ గోడకు ఒరిగింది. పాప నోరు తెరిచి ముద్ద కోసం చూస్తూనే ఉంది. గుండె అన్నారు. దవాఖాన దాకా కూడా వెళ్లలేదు. నా ఊపిరితిత్తుల కోసం ఇంట్లో అందరం ఏడాది పాటు భయపడ్డాం, ఆమె గుండె సంగతి ఎవరం అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

ఇప్పుడు

ఈ ఆదివారం ఆమె మొదటి ఏడాది జ్ఞాపకార్థ కూడిక. పాస్టరమ్మగారు వచ్చి నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. అంటే లేచి నిలబడి, దేవుడు నా రోగం ఎలా బాగుచేశాడో అందరికీ చెప్పాలి. "సువార్తమ్మ ప్రార్థన నిన్ను లేవనెత్తింది, అది చెప్పు," అన్నారు ఆవిడ. సరేనన్నాను. వారం నుంచి అన్నం సరిగా సయించడం లేదు. రెండు చీటీలు వేసి, రెండోదానికి సంఘం చేత ఆమేన్ అనిపించుకున్నదాన్ని, ఆ సంఘం ముందు ఏ ముఖంతో నిలబడను?

అందుకని మొన్న శనివారం డబ్బా తీశాను. ప్రభాకర్ చూసి, "నీకు చేతనైతదా?" అన్నాడు. తెలియదన్నాను. పాపను అతని దగ్గర వదిలాను. ముక్కుకు గుడ్డ కట్టుకున్నాను. ఇంటి మలుపు తిరిగాక విప్పేశాను. చౌరస్తా దగ్గర మళ్లీ కట్టుకున్నాను. నా భయం పోలేదు. పోయిందని రాస్తే అబద్ధం.

ఎల్లమ్మ అదే మెట్ల మీద ఉంది. డబ్బాను ముందు గుర్తుపట్టి, తర్వాత నన్ను చూసింది. అత్తయ్య పోయిన సంగతి ఆమెకు పోయిన ఏడాదే తెలిసిందట. నేను వస్తానని మాత్రం అనుకోలేదట.

"మాత్రలు మింగినవా?"

"అన్నీ మింగాను."

"గట్లనే ఉండాలె," అని కుడి చెయ్యి నా ఒళ్లో పడేసింది.

బరువుగా, ఎండిన చెక్కలా ఉంది. గోళ్లు ఒకటిన్నర అంగుళం ఉన్నాయి. బొటనవేలితో మొదలుపెట్టాను. వెంటనే చెయ్యి లాక్కుంది.

"గిట్ల కాదు. చిటికెన వేలు ముందు. బొటనవేలు ఆఖర్న. నీకు మీ అత్త చెప్పలేదా?"

చెప్పలేదు. చేసి చూపించింది. నేనే మర్చిపోయాను. చిటికెన వేలితో మళ్లీ మొదలుపెట్టాను. కట్టర్ జారి రెండుసార్లు చర్మం నొక్కుకుంది. "కోడికి ఈకలు పీకుతున్నవా?" అంది. పక్క మెట్టు మీది ముసలాయన పకపకా నవ్వాడు. ఒక్క చెయ్యి పూర్తయ్యేసరికి నా నడుం పట్టేసింది, వెన్ను తడిసింది, ఊపిరి ఆడనట్టు అనిపించింది. అది రోగం కాదు, భయమే. ఎలాగోలా నూనె రాశాను. ఒక్కో వేలూ గుప్పిట్లో పట్టుకుని వదిలాను. అప్పుడు మాత్రం ఎల్లమ్మ చెయ్యి లాక్కోలేదు.

డబ్బా మూస్తుంటే ఎడమ చెయ్యి ముందుకు చాచింది. "మరి గిది?"

"ఇవాళ ఇక నా వల్ల కాదు ఎల్లమ్మా. వచ్చే శనివారం తీస్తాను."

"మీ అత్త గూడ గట్లనే పోయింది, వస్తనని," అంది. కోపంగా అనలేదు. చెయ్యి మడుచుకుని చొక్కా కింద పెట్టుకుంది.

ఆదివారం నోరు పెగలకపోతే ఈ కాగితాలే చదువుతాను. కానీ అది ఎల్లుండి మాట. రేపు శనివారం. కట్టర్లు మరిగించి, తుడిచి, డబ్బాలో పెట్టాను. ఎల్లమ్మ ఎడమ చేతి గోళ్లు ఇంకా అలాగే ఉన్నాయి.